దశరథం పెట్టిన ఉప్పు

మా అన్న ఈరన్నను కళ్ళంలో చంపారు. జొన్న కోతలైపోయాయి. కంకులు కుప్ప పోసి, వాటిని తొక్కించే బంతి కట్టడానికి ఎడ్లను తోలుకొస్తున్న పూట అది. నేను పది బారల దూరంలో నెత్తి మీది నీళ్ళకుండ దించుకుంటున్నాను.

ఊరి పన్ను వసూలు చేసే మాలిపటేలు దశరథం ఎడ్లు రెండు మా కుప్పలో మూతి పెట్టాయి. అన్న వాటిని అదిలించలేదు. చేతిలో ఉన్న గుంజతో ఒకదాని ముందుకాలు విరగ్గొట్టాడు. ఆ ఎద్దు కూలబడి అరిచిన అరుపుకు దశరథం పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఎద్దు పక్కన గొంతుక్కూర్చుని దాని కాలు చేతుల్లోకి తీసుకుని చూస్తున్నాడు. అన్న ఆ వంగిన నెత్తి మీద గుంజ దించాడు. అప్పుడు లేచాడు దశరథం. గొడ్డలి ఆయన జీతగాని చేతిలో ఉంది. అది లాక్కుని మొదటి దెబ్బ మెడకూ భుజానికీ నడుమ వేశాడు. రెండోది, అన్న పడిపోయాక, నోటి మీద. మూడోదాన్ని నేను దెబ్బల్లో కలపను. అది చచ్చిన మనిషి మీద పడింది.

ఆ జీతగాడు తెల్లారేసరికి కృష్ణ దాటి ఎటో పోయాడు. చూసినవాణ్ణి ఇక నేనొక్కణ్ణే.

జర్మనీ లడాయి నడుస్తున్న రోజులవి. వైశాఖంలో గద్వాల కచేరీ నుంచి పిలుపు వచ్చింది. పేషీ ఏ రోజు పడుతుందో తెలియదు, వారం దాకా ఉండేటట్టు రావాలని మా వకీలు కబురు పంపాడు. వదిన జములమ్మ తానూ వస్తానంది. ఆమె మా ఇంటికి కోడలై వచ్చేనాటికి నాకు ఎనిమిదేండ్లు, తల్లి లేదు. అప్పటినుంచి నేను ఆమె చేతి తిండి తప్ప తిన్నది లేదు. నాకింకా పెండ్లి కాలేదు. ఆమెకు పిల్లలు లేరు.

గోనెసంచిలో జొన్నపిండి, జాడీలో పుంటికూర తొక్కు, మూటలో కందిపప్పు, ఎండుమిరపకాయలు కట్టింది. ఉప్పుగల్లు కూడా కట్టింది. గద్వాలలో ఉప్పు దొరకదా వదినా అని అడిగాను.

"దొరుకుతది. యాడిదో ఎవని చేతిదో మనకెట్ల తెలుస్తది?" అంది.

ఆమె మాట ఊరికే అన్నది కాదు. మా నడిగడ్డలో రెండిండ్ల మధ్య నెత్తురు పడితే నిప్పు, నీళ్ళు, ఉప్పు మూడూ ఆగిపోతాయి. అడిగి తిన్నా, తెలియక తిన్నా, పగవాని ఉప్పు గొంతు దిగిందంటే వాని మీద నోరు లేవకూడదు. పంచాయతీలోనైనా సరే, కచేరీలోనైనా సరే. మా తాత కాలంలో ఒకడు తిని మాట్లాడితే అతని నాలుకను సొంత కులపువాళ్ళే పట్టుకుని కోశారని చెప్పుకునేవారు. చిన్నప్పుడు ఆ మాట విని నేను నిద్రలో నాలుక పట్టుకుని పడుకునేవాణ్ణి.

గద్వాల కోట గోడ పక్క సందులో రేణుకమ్మ అనే సాలె ముసలామె ఇంట్లో మగ్గం గది వెనక ఒక చాపంత చోటు దొరికింది. శుక్రవారం దిగాం. నిజాం రాజ్యంలో ఆ రోజు కచేరీకి సెలవు. వదిన పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి ముట్టించింది. రొట్టె తడుతూ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"చెప్పు. జడ్జి సాబు ముంగల ఎట్ల చెప్తవు?"

చెప్పాను. ఎద్దులు కుప్పలో పడ్డది, అన్న ఎద్దు కాలు విరగ్గొట్టింది, దశరథం ఉరికొచ్చింది.

"ఎద్దు కాలు చెప్పు. ఊరంత చూసింది, దాయలేము. దానెన్క?"

గుంజ సంగతి చెప్పబోయాను. ఆమె పిండి చేతిని నా నోటికి అడ్డం పెట్టింది.

"గా గుంజ మాట వద్దు. గది చెప్తే ఉరి తప్పుతదని వకీలు అన్నడు. వాడు రాంగనే గొడ్డలెత్తిండు. గంతే. మల్ల చెప్పు."

మళ్ళీ చెప్పాను. గుంజ లేకుండా చెప్పాను. ఆ వారమంతా ప్రతి సాయంత్రం పొయ్యి ముందు అదే పాఠం. ఊరి బడిలో పంతులు ముందు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేవాణ్ణి. తప్పు పోకుండా చెబితే వేడి రొట్టె నా ముందుకు జరిపేది.

శనివారం జడ్జి రాలేదు. ఆదివారం పోలీసు కాగితాలు రాలేదు. సోమవారం దశరథం వకీలుకు కడుపునొప్పి అన్నారు. రోజూ పొద్దున పోయి కచేరీ వేపచెట్టు కింద కూర్చోవడం, పేరు పిలవకపోతే లేచి రావడం. మధ్యాహ్నానికి వదిన గుడ్డలో రొట్టె కట్టుకొచ్చేది. ఒకరోజు తొక్కు, ఒకరోజు చింతచిగురు పప్పు. సోమవారం సాయంత్రం కోడి తెచ్చింది. కత్తి పక్కనే ఉంది, అయినా ముట్టలేదు. మెడ రెండు చేతులతో మెలితిప్పి, అది కొట్టుకోవడం మానేదాకా మోకాలి కింద అదిమి పట్టింది. మామూలుగా కోడిని కోసేటప్పుడు మొహం తిప్పుకునే మనిషి.

దశరథం జమానతు మీద బయటే ఉన్నాడు. నెత్తికి గుంజ తగిలినచోట వెంట్రుకలు మొలవలేదు. ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని కచేరీ ఎదురుగా ఉన్న భట్టు హోటలు బల్ల మీదే పొద్దు పుచ్చేవాడు. నా వైపు చూసేవాడు కాదు. దానికే నాకు భయమేసేది.

మంగళవారం వదినకు వడదెబ్బ తగిలింది. బుధవారం నాటికి లేవలేకపోయింది. రేణుకమ్మ ఉల్లిగడ్డ దంచి అరికాళ్ళకు రాస్తూ, "నువ్వు పో నాయినా, నేనున్న గద" అంది. ఏమీ తినకుండా పోయాను. ఆ పూట జడ్జి వచ్చాడు కానీ వేరే కేసు ఎత్తుకున్నాడు. రేపు తప్పకుండా మీదే, ఎల్లుండి సెలవు అని వకీలు గుమాస్తా చెప్పిపోయాడు.

ఎండ నెత్తిన ఉంది. కడుపులో ఏమీ లేదు. ఎదురుగా మూకుడులో మిరపకాయ బజ్జీలు పడుతున్న చప్పుడు. ఆ రోజు బయటి బల్ల మీద దశరథం లేడు. లేడని చూసుకునే లోపలికి పోయాను.

అంతకుముందు నేను ఎప్పుడూ హోటల్లో కాలు పెట్టలేదు. భట్టు కన్నడపాయన. జందెం చెమటకు వీపుకు అంటుకుని ఉంది. "కూత్కొళ్ళప్పా" అని బల్ల చూపించాడు. కూర్చున్నాను. ఇంకేమీ అడగకుండానే ఆకు వేసి ఉగ్గాని పెట్టాడు. నానబెట్టిన బొరుగులు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, పైన పుట్నాల పొడి. పక్కన నాలుగు బజ్జీలు. తిన్నాను. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తిన్నాను. తర్వాత చిత్రాన్నం, పెరుగన్నం. మా ఇండ్లలో పెట్టేవాళ్ళు ఆకు మడిచేదాకా పెడతారు, పెట్టింది వద్దంటే పెట్టిన చేతిని అవమానించినట్టు. హోటల్లో అడిగితేనే పెడతారని నాకు తెలియదు. ఇంత మంచి మనిషి ఉన్నాడే అనుకుంటూ ఆకు నాకినట్టు తిన్నాను. నిజం చెప్పాలంటే అంత రుచి నేను అంతకుముందు ఎరగను.

చేయి కడుక్కుని రొంటినుంచి అణాలు తీశాను. భట్టు చేయి అడ్డం ఊపాడు.

"దుడ్డు బేడప్పా. అవరు కొట్టిద్దారె." వాళ్ళు ఇచ్చేశారు అని చెప్పి, పొయ్యి వెనక చీకటి గది వైపు గరిటె చూపించాడు.

ఆ గదిలోంచి దశరథం పంచె అంచుతో మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"ఉప్పు సరిపోయిందా తమ్మీ?" అన్నాడు.

హోటల్లో ఉన్నవాళ్ళంతా బండ్లవాళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. ఎవరికీ విప్పి చెప్పవలసిన పని లేదు. చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని చూస్తున్నారు.

నేను వీధిలోకి ఉరికి మోరీ పక్కన కూర్చుని గొంతులో వేళ్ళు పెట్టుకున్నాను. సగం పడింది. మళ్ళీ పెట్టుకున్నాను. నెత్తురు చార వచ్చింది. వెనకనుంచి ఒక కాలు నా డొక్కలో తగిలింది. దశరథం మనుషులిద్దరూ నన్ను మోరీలోకి బోర్లా తోశారు. ఒకడు మెడ మీద కాలు పెట్టాడు. మురుగు ముక్కులోకి పోయింది. ఆ కాలి మడమను పట్టుకుని కొరికాను. పంటికి తోలు తెగడం తెలిసింది. అప్పుడు రెండోవాడు కర్రతో వీపు మీద, డొక్కల మీద వరసగా కొట్టాడు. ఎక్కడో లోపల ఎండుపుల్ల విరిగినట్టయింది.

"సంపకుండ్రి. ఉప్పు తిన్నోడు, ఇప్పుడు మనోడే" అన్నాడు దశరథం పైనుంచి. తర్వాత వంగి నా చెవి దగ్గర నెమ్మదిగా, "కక్కితే పోతదారా తిరుపతయ్యా? నెత్తురుల కలిసె" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. ఆయన కూడా దాన్ని నమ్మినవాడే.

రేణుకమ్మ ఇల్లు చేరేసరికి వదిన లేచి కూర్చుని గంజి కాస్తోంది. నా ముఖం, గుడ్డలు చూసి ఎవరు కొట్టారని అడిగింది. కొట్టింది చెప్పాను. అబద్ధం చెప్పాలనే మొదట అనుకున్నాను, కానీ ఆమె ముందు నాకు అబద్ధం వచ్చేది కాదు. తిన్నదీ చెప్పాను.

ఆమె పొయ్యిలోంచి మండే కట్టె లాగి నన్ను కొట్టింది. భుజం మీద ఒకటి, అడ్డం పెట్టిన చేతి మీద ఒకటి. నిప్పురవ్వలు ఎగిరి లోపలి మగ్గం మీది పట్టు మీద పడతాయని రేణుకమ్మ అరుస్తూ వచ్చి ఆమె నడుము పట్టుకుంది. నేను కదలలేదు.

"పదేండ్ల సంది నా చేతిది తిన్న నోరు. ఒక్క పూట ఆగలేకపాయె" అంది వదిన. కట్టె చేతిలోనే ఆరింది. గంజి పొంగి పొయ్యి చల్లారింది. రేపు నోరు తెరవలేను వదినా, ఊరు ఊరుకోదు అన్నాను. ఊరి మాట కాదు, నా నాలుకే లేవదని ఆమెకు తెలుసు.

ఆమె ఆరిన కట్టె పక్కన పెట్టి అడిగింది.

"నువ్వు తినేది ఎవరన్న చూసిండ్రా?"

"అందరు చూసిండ్రు."

"మంచిది" అంది. "గట్లయితే అందరున్నప్పుడే పోదం."

గురువారం కోడికూతకే లేచింది. ఒళ్ళు ఇంకా కాలుతూనే ఉంది. రొట్టెలు తట్టింది, పప్పు వండింది, మోదుగాకుల విస్తరి ఒకటి చంకలో పెట్టుకుంది. కచేరీ తెరవకముందే హోటలుకు పోయాం. ఆడమనిషి ఆ గడప ఎక్కడం ఎవరూ చూసి ఉండరు. దశరథం లోపలి బల్ల మీద ఇడ్లీ తింటున్నాడు. వదిన అతని ముందున్న ఆకు పక్కకు జరిపి, తన విస్తరి పరిచింది. రెండు రొట్టెలు, పప్పు పెట్టింది. కొంగుముడి విప్పి నాలుగు ఉప్పుగల్లు విస్తరి కొనకు పెట్టింది.

"పటేలా, నిన్న మా మరిదికి కడుపునిండ పెట్టినవంట. ఇది నా చేతి రొట్టె. మా ఇంటి ఉప్పు. తిను" అంది.

దశరథం నవ్వాడు. తర్వాత నవ్వు ఆగింది. ఆయనకూ లెక్క తెలిసింది. తింటే మా ఇంటి మీద ఆయన నోరూ పడిపోతుంది. ఈరన్న తన నెత్తి మీద గుంజ వేశాడని చెప్పుకోవడానికి వీలుండదు. ఆయన ప్రాణం నిలిచేది ఆ మాట మీదే.

"తిను పటేలా" అన్నాడు మూలనుంచి ఒక ముసలి బండివాడు. "నిన్న పెట్టెటప్పుడు నవ్వు మంచిగనే వచ్చె గద. తినెటందుకు ఏమాయె?"

ఎవరో కిసుక్కుమన్నారు. దశరథం లేచి విస్తరిని కాలితో తన్నాడు. రొట్టెలు పోయి గడప దగ్గర పడ్డాయి. ఉప్పుగల్లు బండల మీద చెదిరాయి.

వదిన గొంతు పెంచలేదు. "చూసినోల్లు చూసిండ్రు. ఉప్పును కాలుతో తన్నిండు. ఇగ ఈయన పెట్టిన ఉప్పు కూడ ఉప్పు కాదు" అంది.

ముసలి బండివాడు తలూపాడు. ఇంకొకరిద్దరు "అంతే, అంతే" అన్నారు. అంతమాత్రానికే నా నాలుక నాకు తిరిగి వచ్చినట్టయింది. ఎవరికైనా చెబితే నవ్వుతారు గానీ, నిజంగానే నోట్లో తడి ఊరింది.

దశరథం వదిన జుట్టు పట్టుకున్నాడు. పట్టుకుని తలను బల్ల అంచుకు కొట్టాడు. రెండోసారి కొట్టేలోగా నా చేతులు పొయ్యి మీది నూనెమూకుడు మీద ఉన్నాయి. ఎత్తి విసిరాను. సగం ఆయన తొడ మీద పడింది. సగం నా ఎడమచేతి మీదే పడింది. ఆయన పెట్టిన కేక ఆనాడు కళ్ళంలో ఆయన ఎద్దు అరిచిన అరుపులాగే ఉంది. చర్మం ఉడికిన వాసన బజ్జీల వాసనలో కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. భట్టు లబలబలాడుతూ దోసెపిండి గిన్నె తెచ్చి నా చేతి మీద, ఆయన తొడ మీద, ఇద్దరి మీదా ఒకే గరిటెతో పోశాడు.

కచేరీ జవాన్లు వచ్చి విడదీశారు. కేసు పిలిచే వేళ అయిందని ఇద్దరినీ అలాగే తీసుకుపోయారు. దశరథాన్ని మోసుకుపోయారు. వదిన నుదుటి మీద కొంగు అదిమిపెట్టుకుని నా వెనకే నడిచింది.

కచేరీలో మాటంతా ఉర్దూ. నేను తెలుగులో చెప్పింది పేష్కారు ఉర్దూలో జడ్జికి చెబుతాడు. ఎడ్ల సంగతి చెప్పాను. ఎద్దు కాలు చెప్పాను. గొడ్డలి చెప్పాను, మెడ దెబ్బ, నోటి దెబ్బ చెప్పాను. తప్పు పోలేదు. వదిన గడప పక్కన స్తంభానికి ఆనుకుని నిలబడి పెదవులు కదుపుతోంది, నాతోపాటే అప్పజెబుతున్నట్టు.

దశరథం వకీలు లేచాడు. ఎద్దు పడిపోయాక, ముందు చెయ్యెత్తింది ఎవరు అని అడిగాడు.

దోసెపిండి ఎండి బిగుసుకుని చెయ్యి మండుతోంది. మూకుడు ఎత్తింది ఈ చేతులే. ఎత్తిన పూట దశరథం చెయ్యి వదిన జుట్టులో ఉంది. అన్న గుంజ ఎత్తిన పూట దశరథం చెయ్యి ఎద్దు కాలు మీద ఉంది. నేను చూశాను. పది బారల దూరంలో, నడిపొద్దున.

"చెప్పు. ఎవరు?"

"మా అన్న" అన్నాను.

పేష్కారు దాన్ని ఉర్దూలో చెప్పాడు. నేనన్నది రెండు మాటలే, ఉర్దూలో అది చాలా పొడుగైంది. వదిన పెదవులు ఆగిపోయాయి.

దశరథానికి ఉరి పడలేదు. ఏడేండ్లు పడింది. ఊళ్ళో కొందరు నేను ఉప్పుకు కట్టుబడ్డానన్నారు. కొందరు ఉప్పు తిని ద్రోహం చేశానన్నారు. రెండూ నా ముందే అన్నారు. దశరథం బంధువులు మా చొప్పవామికి నిప్పు పెట్టారు. నేను ఫిర్యాదు ఇవ్వలేదు.

వదిన నాతో కోపంగా లేదు. మాట్లాడింది, వండింది, కాలిన చేతికి వెన్న రాసి కట్టు కట్టింది. ఆగిపోయిన కళ్ళం పని పూర్తయి, గింజలు పాతరలో పోసి, మూత మీద పేడ అలికేదాకా ఉంది. మిరుగు కార్తె తొలి చినుకులు పడ్డ మర్నాడు తన పెట్టె సర్దుకుంది. పుట్టిల్లు ఏటి అవతల వీపనగండ్ల. బుట్టలాంటి గుండ్రటి పుట్టి నడిపేవాడు అవతలి ఒడ్డునుంచి వచ్చేదాకా ఇద్దరం ఇసుకలో కూర్చున్నాం. ఎప్పుడొస్తావు వదినా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆమే అంది.

"నువ్వు చూసిందే చెప్పినవు తిరుపతీ. నేను తప్పు పట్ట. కాని నీ ముందర రొట్టె పెడుతుంటే ఆ మాటే ఇనవడుతది."

పుట్టి ఎక్కింది. పెట్టె నేనే అందించాను. నీళ్ళు పెరుగుతున్నాయి, పుట్టి గిర్రున తిరుగుతూ పోయింది. ఆమె ముఖం ఒకసారి నా వైపు, ఒకసారి అవతలి వైపు తిరిగింది. అది పుట్టి తిప్పడమే, ఆమె తిరగడం కాదు.

ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించాను. ఒక చేత్తో రొట్టె తట్టడం రాలేదు. పెనం మీద వేస్తుంటే నాలుగు ముక్కలైంది. ముక్కలనే కాల్చుకుని తిన్నాను.